విరుగుడు నీళ్ళ లెక్క

ఈ వారం పుస్తకాల జోలికి పోవడం లేదు. పోయిన రెండు నెలల్లో ముగ్గురు నన్ను ఒకటే ప్రశ్న అడిగారు: ఏ ప్రోటీన్ పౌడర్ కొనాలి? ఒకాయన మస్కట్‌లో బ్యాంకు ఉద్యోగి. ఒకావిడ డల్లాస్‌లో ఉండే నా ఇంజినీరింగ్ క్లాస్‌మేటు. మూడో అతను మా వీధిలోనే ఉండే కవిటి కుర్రాడు. నన్నే ఎందుకు అడుగుతారంటే, నాలుగేళ్ళుగా జిమ్‌కి వెళ్తున్నాను, పైగా ప్రతిదానికీ ఎక్సెల్ షీటు తీస్తానని పేరుంది. నా కండలు చూసి అడిగినవాళ్ళు మాత్రం ఇంతవరకూ లేరు.

మొదటి ఇద్దరికీ రెండేసి వాక్యాల్లో జవాబు చెప్పేశాను. మూడో అతనికి చెప్పడానికి ఆరు వారాలు పట్టింది. ఈ కబురంతా ఆ ఆరు వారాల గురించే.

ఖబూరా ఎక్కడుందో తెలియనివాళ్ళకి: మస్కట్ నుంచి సోహార్‌కి తీరం వెంబడి వెళ్తుంటే సువైక్ దాటాక, సహమ్ రాకముందు తగిలే ఊరు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క దూరంగా హజర్ కొండలు, మధ్యలో ఖర్జూరం తోటలు, నిమ్మతోటలు. 2021 అక్టోబరు 3న షాహీన్ తుఫాను తీరం దాటింది ఈ చుట్టుపక్కలే. నా ఆఫీసు సోహార్‌లో. అద్దె తక్కువని ఇక్కడ ఉంటాను, ఆదా అయిన అద్దె పెట్రోలుకి పోతుంది, అది వేరే లెక్క.

కుర్రాడిది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం, అంటే ఉద్దానం. ఇరవై ఆరేళ్ళుంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ళ కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. మళ్ళీ మొక్క వేస్తే కాపుకొచ్చేసరికి ఐదారేళ్ళు. ఆ ఐదారేళ్ళు ఇల్లు గడవాలని వెల్డింగ్ నేర్చుకుని ఇటొచ్చాడు. "ఒక తుపాన్ దెబ్బకి బయిల్దేరి ఇంకో తుపాన్ ఊరికొచ్చీసినాను" అని తనే నవ్వుతాడు. జీతం నూట ముప్ఫై రియాళ్ళు, ఇంటికి పంపేది ఎనభై. వచ్చే సంక్రాంతికి ఊరెళ్తున్నాడు, సంబంధాలు చూస్తున్నారు. ఈలోగా ఒళ్ళు చెయ్యాలని సాయంత్రాలు జిమ్‌లో చేరాడు. అక్కడెవరో మూడు కిలోల డబ్బా ఒకటి చూపించారు, ఇరవై రెండు రియాళ్ళు. "ఆలు కొనీమంతన్నారు. నువ్వేటంతావు అన్నియ్యా?" అని డబ్బా ఫొటో పంపాడు.

ఆ జిల్లావాళ్ళకి బలం కొత్త కాదు. గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్న కోడి రామ్మూర్తి నాయుడుది వీరఘట్టం (ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది). సిడ్నీలో 2000లో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. కుర్రాడు జిమ్‌లో చేరాడంటే నాకేం ఆశ్చర్యం కలగలేదు. ఆశ్చర్యపోయింది ఆ డబ్బా వెనక అచ్చువేసిన అంకెలు చూసి.

అది మాస్ గెయినర్. ఒక మోతాదు 300 గ్రాములు, అందులో ప్రోటీన్ 50 గ్రాములు. మిగతాదంతా దాదాపు మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే గంజిపిండిని విరగ్గొట్టి చేసిన, చక్కెరకి చుట్టమయ్యే పదార్థం. డబ్బాకి పది మోతాదులు. ఇరవై రెండు రియాళ్ళకి 500 గ్రాముల ప్రోటీన్. గ్రాముకి 44 బైసాలు. (రియాలుకి వెయ్యి బైసాలు.) ఈ 44 గుర్తుపెట్టుకోండి. బక్కగా ఉండి అన్నం సహించని మనిషికి గెయినర్ అర్థముందేమో గానీ, రోజుకి నాలుగు వందల గ్రాముల బియ్యం అన్నం తినే వెల్డర్‌కి ఇంకో రెండు వందల గ్రాముల పిండి అమ్మడమంటే సముద్రం ఒడ్డున ఉప్పు అమ్మినట్టే.

సరే, అసలు ఈ పౌడర్లేమిటి? జిమ్ భాషలో 'వే' అంటారు. తెలుగులో ఇలా రాస్తే ఏదో వెయ్యమన్నట్టుంటుంది. పాలల్లో నిమ్మకాయ పిండితే విరుగుతాయి, గడ్డని వడకట్టి పనీరు చేస్తాం, కింద మిగిలిన పచ్చటి నీళ్ళని మనం పారబోస్తాం, తెలివైన ఇల్లాలైతే చపాతీ పిండిలో కలుపుతుంది. ఆ నీళ్ళే. పాల ప్రోటీన్‌లో ఎనభై శాతం గడ్డలోకి పోయే కేసిన్, ఇరవై శాతం నీళ్ళలో మిగిలేది. జున్ను ఫ్యాక్టరీల్లో ఆ నీళ్ళని సన్నటి పొరల గుండా వడకట్టి, ఆరబెట్టి పొడి చేస్తారు. ఎనభై శాతం దాకా ప్రోటీన్ ఉంటే కాన్‌సెంట్రేట్, ఇంకా వడకట్టి తొంభై దగ్గరికి తెస్తే ఐసొలేట్, ముందే ముక్కలు చేసేస్తే హైడ్రొలైజేట్. అంతే, ఇంకే రహస్యమూ లేదు. పాల విరుగుడు అనే మాట నాకిష్టం. విరుగుడు అంటే మందు అని కూడా కదా. ఏ రోగానికి విరుగుడో తెలుసుకోకుండా కొంటున్నామన్నది ఒక్కటే పేచీ.

అన్నట్టు మాటల గురించి ఇంకొకటి. చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో ప్రోటీన్లని 'మాంసకృత్తులు' అని చదివాం. ఒంట్లో మాంసాన్ని తయారుచేసేవి అని దాని భావం. మా క్లాసులో సగంమందికి మాంసంలో ఉండేవి అని అర్థమైంది. పప్పులో మాంసకృత్తులు ఎలా ఉంటాయని శాకాహారి పిల్లలు తెల్లమొహం వేసేవాళ్ళు. ఆ అపోహ ఇప్పటికీ పోలేదు, ఇప్పుడు మాంసం స్థానంలోకి డబ్బా వచ్చింది.

ఇంతకీ ఎంత కావాలి? మన హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. బరువులెత్తేవాళ్ళకి ఇది చాలదని క్రీడా పోషణ నిపుణులు 1.4 నుంచి 2 గ్రాముల దాకా చెప్తారు. 2018లో 49 అధ్యయనాలని, 1863 మందిని కలిపి చూసిన ఒక విశ్లేషణ వచ్చింది. దానిలో తేలింది ఏమిటంటే, 1.6 దాటాక ఇంకెంత తిన్నా కండ పెద్దగా పెరగడం లేదు. దానిలోనే ఇంకో అంకె ఉంది, డబ్బాల వాళ్ళు దాన్ని ఎప్పుడూ అచ్చువెయ్యరు. బరువులెత్తుతూ అదనంగా ప్రోటీన్ తీసుకున్నవాళ్ళకి, తీసుకోకుండా ఎత్తినవాళ్ళ కంటే సగటున ఎక్కువ వచ్చిన కండ 300 గ్రాములు. మిగతాదంతా ఎత్తిన ఇనుము పుణ్యమే. మూడు వందల గ్రాములు వద్దనుకోనక్కర్లేదు, కానీ జిమ్ గోడల మీద బొమ్మల్లో కనిపించే మనుషులకీ మనకీ తేడా ఆ మూడు వందల గ్రాములు కాదు.

కుర్రాడి బరువు 62 కిలోలు. 1.6 చొప్పున 99 గ్రాములు కావాలి. కూచోబెట్టి రోజంతా ఏం తింటాడో అడిగాను. బియ్యం 400 గ్రాములు: ప్రోటీన్ 30. పొద్దున పరాటాలు, పిండి వంద గ్రాములనుకుంటే 11. సాంబారులోనో పప్పులోనో పప్పు 40 గ్రాములు: 9. గుడ్డు ఒకటి: 6. మూడు నాలుగు టీల్లో పాలు: 4. మొత్తం 60. అంటే బతకడానికి కావలసింది ఉంది, కండకి కావలసిన దానిలో 39 గ్రాములు తక్కువ.

అన్నంలో ప్రోటీన్ ఉందా అని అడిగాడు. ఉంది. బియ్యంలో లైసీన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది దండిగా ఉంటుంది. పప్పులో మిథయొనీన్ తక్కువ, బియ్యం దాన్ని పూరిస్తుంది. పప్పన్నం ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళకి అమైనో ఆమ్లాల పేర్లు తెలిసి ఉండవు.

ఇప్పుడా 39 గ్రాములు ఎక్కణ్ణుంచి తేవాలి? ఈ నెల నేను కొన్న ధరలు వేసి షీటు తీశాను. కందిపప్పు కిలో 900 బైసాలు, 220 గ్రాముల ప్రోటీన్, గ్రాముకి 4 బైసాలు. ముప్ఫై గుడ్ల అట్ట రియాలున్నర పైన, రెండు లోపు, గ్రాముకి పది. వెన్నతీసిన పాలపొడి గ్రాముకి 8. (దీన్ని మనవాళ్ళు పట్టించుకోరు. వందకి 35 గ్రాముల ప్రోటీన్, అదీ పాలదే. కానీ చవగ్గా దొరికే కొన్ని పొట్లాల్లో పాలకొవ్వు తీసేసి పామాయిలు కలుపుతారు, ప్రోటీన్ కూడా తక్కువే ఉంటుంది. పేరు చదివి కొనాలి.) మంచి వే డబ్బా రెండు కిలోలది 28 రియాళ్ళు, 66 చెంచాలు, చెంచాకి 24 గ్రాములు, అంటే గ్రాముకి 18 బైసాలు. మన గెయినర్ 44 ఎలాగూ ఉంది.

అన్నిటికన్నా సంతోషపెట్టింది చేపలు. ఈ తీరంలో కవళ్ళు, అదే సార్డీన్లు, రాశులుగా పడతాయి. ఇక్కడివాళ్ళు ఇసుకలో ఎండబెట్టి పశువులకి మేతగా పెడతారు, ఖర్జూరం చెట్లకి ఎరువుగా వేస్తారు. నేను కొన్న రోజు కిలో అర రియాలు. తల, ముల్లు, పొట్ట పోగా సగం మిగులుతుంది, అందులో వంద గ్రాముల ప్రోటీన్. గ్రాముకి 5 బైసాలు! ఆ పక్కనే గంపలో కానాగుర్తలు. వీటి శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కానాగుర్త. ఆ కానాగుర్త మన తెలుగే. పాట్రిక్ రసెల్ అనే ఆయన విశాఖపట్నంలో చేపలు సేకరించి, జాలర్లు చెప్పిన పేర్లతో సహా 1803లో పుస్తకం వేశాడు. దాన్ని చూసి ఫ్రాన్సులో కువియే ఆ పేరే ఖాయం చేశాడు. ఒమానీ చేపల బజారులో నిలబడి ఈ సంగతి చెప్తే కుర్రాడు చేప వైపూ నా వైపూ మార్చి మార్చి చూశాడు. "మాకాడ ఇయ్యి కూలోలి కూర అన్నియ్యా" అన్నాడు. అదే చిక్కు. ఊళ్ళో చవగ్గా దొరికేది తినడం చిన్నతనం, డబ్బా కొనడం పెద్దరికం. మా చిన్నప్పుడు ఆస్పత్రికి ఎవర్ని చూడ్డానికి వెళ్ళినా హార్లిక్స్ సీసా పట్టుకెళ్ళేవాళ్ళం చూడండి, ఆ గౌరవమే ఇప్పుడు నల్లడబ్బాకి దక్కింది.

రెండు గుడ్లు, వంద గ్రాముల చేప, అర లీటరు లబన్ (ఇక్కడి మజ్జిగ, మన మజ్జిగ కన్నా చిక్కగా ఉంటుంది). 12, 20, 15. మొత్తం 47. కావలసిన 39 కంటే ఎక్కువే. వండుకునే ఓపిక లేని రోజున పాలపొడి.

మరి డబ్బా ఎవరికీ అక్కర్లేదా అంటే, నేనంత దూరం పోను. 2024లో జాతీయ పోషకాహార సంస్థ కండల కోసం ప్రోటీన్ సప్లిమెంట్లు వాడొద్దనే చెప్పింది. కోటిమందికి ఒకే మాట చెప్పాల్సి వచ్చినప్పుడు అదే సరైన మాట. డల్లాస్ క్లాస్‌మేటు సంగతి వేరు. గుడ్డు కూడా ముట్టదు, ఇద్దరు పిల్లలు, పొద్దున ఏడింటికి మీటింగు, బరువులెత్తడం మొదలెట్టింది. పప్పుతోనే 90 గ్రాములు తెచ్చుకోవాలంటే కడుపు ఉబ్బుతుంది, పూట గడవదు. ఆవిడకి ఒక చెంచా సాదా వే చెప్పాను. పాలు పడనివాళ్ళయితే ఐసొలేట్, అందులో లాక్టోజ్ బాగా తక్కువ. పాలు అసలే వద్దంటే బఠాణీ, సోయా పొడులున్నాయి. టీ తాగితే ఏమీ కానివాళ్ళు ఐసొలేట్‌కి అదనంగా డబ్బు పెట్టడం దండగ. మస్కట్ బ్యాంకు ఆయనకి ఈ మాటే చెప్పాను.

ఇక్కడి దాకా లెక్కలే కాబట్టి ఒక సాయంత్రంలో తేలిపోయింది. ఆరు వారాలు పట్టింది దీని తర్వాతి ప్రశ్నకి. అది నేను అతన్ని అడిగాను: కిడ్నీ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నావా?

ఉద్దానం పేరు విన్నవాళ్ళకి ఈ ప్రశ్న ఎందుకో తెలుసు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఈ ఏడు మండలాల్లో దశాబ్దాలుగా షుగరు, బీపీ లేని రైతులకీ కూలీలకీ కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్ళలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, నొప్పిమాత్రలన్నారు, నీళ్ళు తాగకుండా ఎండలో చేసే చాకిరీ అన్నారు. ఇదీ అని ఒక్క కారణం మీద ఇంకా వేలు పెట్టలేకపోయారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇలాంటి జబ్బే శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రం రైతుల్లో ఉంది, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరుకు నరికే కూలీల్లో ఉంది. గల్ఫ్ నుంచి తిరిగెళ్ళిన నేపాలీ కుర్రాళ్ళలో కూడా చూస్తున్నామని అక్కడి డాక్టర్లు చెప్తున్నారు. ఒమాన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు బయట పని చేయించకూడదని నిబంధన ఉంది. మే నెల ఎండ, సెప్టెంబరు ఎండ దాని కిందికి రావు.

కుర్రాడి పెదనాన్న డయాలసిస్ మీద ఉన్నాడు. ఆ మాట నేను అడిగితే తప్ప చెప్పలేదు. వాళ్ళ ఊళ్ళో అది చెప్పుకోదగ్గ విశేషం కాదట.

ప్రోటీన్‌కీ కిడ్నీకీ ఉన్న సంబంధం ఇది. ప్రోటీన్‌లో నత్రజని ఉంటుంది. ఒంటికి వాడుకోగా మిగిలిన దాన్ని కాలేయం యూరియాగా మారుస్తుంది, కిడ్నీ బయటికి పంపుతుంది. కిడ్నీ బాగున్నవాడికి ఈ అదనపు పని వల్ల హాని జరుగుతుందని రుజువు కాలేదు. జిమ్‌లో చెప్పే ఈ మాట నిజమే. కిడ్నీ అప్పటికే దెబ్బతిన్నవాడి సంగతి వేరు. అలాంటివాళ్ళు కిలోకి 0.8 దగ్గరే ఆగాలనీ, 1.3 దాటకూడదనీ 2024 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి. మనం పైన వేసిన లెక్క 1.6. డయాలసిస్‌కి వెళ్ళాక మళ్ళీ తారుమారు, అప్పుడు ప్రోటీన్ పోతూ ఉంటుంది కాబట్టి పెంచమంటారు. పెదనాన్నకి చెప్పిన పత్యం కుర్రాడికి, కుర్రాడికి చెప్పింది పెదనాన్నకి పనికిరాదు. పైగా కిడ్నీ సగం పోయేదాకా మనిషికి ఏమీ తెలియదు. వీసా కోసం చేసిన మెడికల్‌లో ఫిట్ అన్నారని కుర్రాడి ధీమా. ఆ కాయితంలో ఫిట్ అన్న ముక్క తప్ప అంకెలేవీ అతని చేతికి రాలేదు.

సోహార్‌లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాను. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్. క్రియాటినిన్ 1.4 వచ్చింది. ఆ ల్యాబు కాయితం మీద గరిష్ఠ పరిమితి 1.3. తిరిగొచ్చే దారంతా అతను మాట్లాడలేదు. ఖబూరా చౌరస్తా దగ్గర ఒక్కటే అడిగాడు, సంబంధాలోళ్ళకి చెప్పాలా అని.

మర్నాడు ఫోనులో డాక్టరు అడిగితే బయటపడింది, మూడు వారాలుగా జిమ్‌లో స్నేహితుడు రోజూ ఒక చెంచా క్రియాటిన్ కలిపి ఇస్తున్నాడు. క్రియాటిన్, క్రియాటినిన్. మధ్యలో ఒక్క 'ని' తేడా. కండరంలో ఉండే క్రియాటిన్ రోజూ కొంత క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది, దాన్ని కిడ్నీ వడకడుతుంది. రక్తంలో అది పెరిగితే కిడ్నీ సరిగా వడకట్టడం లేదని అనుమానం. కానీ బయట నుంచి క్రియాటిన్ తింటే కిడ్నీ బాగున్నా ఆ అంకె కొంచెం పైకి పోతుంది. ముందురోజు బరువులెత్తి, నీళ్ళు సరిగా తాగకుండా వెళ్ళినా అంతే.

ఈ కథలో మనవాడొకడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆస్పత్రిలో చిన్నాచితకా పనులు చేసుకుంటూ అమెరికాలో చదువుకుని, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఆ పద్ధతితోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చూపించారు. బరువు ఎత్తే మొదటి కొన్ని సెకన్లలో కండకి అందే శక్తికి నిల్వ అదే. సప్లిమెంట్ కొట్లో ఉన్నవాటిలో ఎక్కువ పరీక్షలకి నిలిచిన సరుకు ఏదంటే నేను క్రియాటినే అంటాను. రోజుకి మూడు నుంచి ఐదు గ్రాములు, చవక కూడా. కానీ అది ఎవరికి పడితే వాళ్ళకి, ముందు ఒక రక్తపరీక్ష లేకుండా, ముఖ్యంగా ఉద్దానం వాళ్ళకి, చెంచాతో తీసి ఇవ్వకూడదు. ముందు అంకె లేకపోతే తర్వాత వచ్చిన అంకెకి అర్థం చెప్పేవాడుండడు.

డాక్టరు క్రియాటిన్ ఆపమన్నాడు, నాలుగు వారాలు ఆగి, రెండు రోజులు జిమ్ మానేసి, బాగా నీళ్ళు తాగి రమ్మన్నాడు. కండతో సంబంధం లేని సిస్టాటిన్ సి అనే ఇంకో పరీక్ష కూడా ఉందట, కొంచెం ఖరీదు, అవసరమైతే చూద్దామన్నాడు. ఇంకొకటి అడిగాడు: నడుం నొప్పికి ఏం వేసుకుంటున్నావు? కుర్రాడి జేబులోనే ఉంది, డైక్లోఫెనాక్ అట్ట. ఎండ, చెమట, దాని మీద ఆ మాత్ర. కిడ్నీకి ప్రోటీన్ పౌడర్ కంటే ముందు భయపడాల్సింది ఆ జత గురించి. ఆ అట్ట చెత్తబుట్టలోకి వెళ్ళింది.

ఆ నాలుగు వారాలూ మేము డబ్బాల గురించే మాట్లాడుకున్నాం, ఇంకో విషయం ఎత్తడం ఇద్దరికీ ఇష్టం లేక. అందువల్ల అతనికి లేబుల్ చదవడం వచ్చేసింది. తను నేర్చుకున్నదే మీకూ చెప్తాను.

లేబుల్ మీద ప్రోటీన్ ఇంత అని రాసేది నిజానికి ప్రోటీన్‌ని తూచి కాదు. నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. యోహాన్ కెల్డాల్ అనే ఆయన 1883లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో కనిపెట్టిన పద్ధతి. పరీక్ష నత్రజనినే చూస్తుంది కాబట్టి, నత్రజని ఉన్న చవక సరుకు ఏది కలిపినా ప్రోటీన్‌గా లెక్కకొస్తుంది. చైనాలో 2008లో పాలల్లో మెలమిన్ కలిపింది ఇందుకే. ఆరుగురు పసిపిల్లలు చనిపోయారు, దాదాపు మూడు లక్షలమంది జబ్బు పడ్డారు. పాడైంది కిడ్నీలే. డబ్బాల్లో కలిపేవి అంత విషాలు కావు, గ్లైసీన్, టారీన్ లాంటివి, కానీ డబ్బు మాత్రం వే రేటుకి తీసుకుంటారు. పట్టుకోవడం ఎలాగంటే, దినుసుల జాబితాలో ఆ పేర్లు విడిగా ఉన్నాయేమో చూడండి. లూసీన్ ఎంతో రాశారా చూడండి, వే ప్రోటీన్‌లో పదో వంతు లూసీన్ ఉంటుంది, 24 గ్రాముల చెంచాలో దగ్గర దగ్గర రెండున్నర గ్రాములు ఉండాలి. ఒకటిన్నరే ఉంటే మిగతాది వే కాదు. లూసీన్‌ని కూడా విడిగా కలిపేవాళ్ళున్నారు, దొంగకి తాళాలన్నీ తెలుసు. అందుకే బయటి సంస్థ పరీక్షించిన ముద్ర ఉన్నది దొరికితే మేలు. ఇండియా నుంచి తెప్పించుకుందామనుకునేవాళ్ళకి: అక్కడి మార్కెట్లో దొరికే 36 పౌడర్లని ల్యాబులో పరీక్షించి కేరళ డాక్టర్లు 2024లో ఒక పత్రం ప్రచురించారు. డెబ్భై శాతం దాకా లేబుల్ మీది ప్రోటీన్ అంకె తప్పు. కొన్నింటిలో చెప్పినదాంట్లో సగమే ఉంది.

కొలాజెన్ పొడి చర్మానికి ఏం చేస్తుందో నాకనవసరం, కండ లెక్కలో మాత్రం దాన్ని కలపకండి, ట్రిప్టొఫాన్ అసలే ఉండదు. బీసీఏఏ అని రంగునీళ్ళు అమ్ముతారు, తిండిలో ప్రోటీన్ సరిపోయినవాడికి అవి వృథా. జిప్ కవర్లో విడిగా కట్టి ఇచ్చే 'సొంత పొడి', దానితో పాటు చెవిలో చెప్పే మాత్రలు, సూదులు, వీటి జోలికి అసలు వెళ్ళొద్దు. ఇక్కడ సరిగ్గా దిగుమతి అయిన డబ్బా మీద అరబిక్ లేబుల్, తేదీలు ఉంటాయి. అది లేనిది ఎంత చవకైనా వదిలెయ్యండి.

ఒమాన్‌లో ఉన్నవాళ్ళకి ఇంకొక ముక్క. కొట్టు ముందు ఎండలో ఆగిన లారీలో డబ్బాలు ఎంతసేపు ఉన్నాయో మనకి తెలియదు. వేడికి పాల పొడి రంగు మారుతుంది, లైసీన్ పోతుంది. తెరిచాక గోధుమరంగు తిరిగి, మాడిన పాల వాసన వస్తే తిరిగి ఇచ్చెయ్యండి. కారు డిక్కీలో డబ్బా ఉంచేవాళ్ళని నేను చూశాను. మన తీరంలో ఉక్కపోత కూడా తక్కువేం కాదు, తడి చెంచా పెడితే వారంలో గడ్డ.

రెండో పరీక్షలో క్రియాటినిన్ 1.0 వచ్చింది. ఆల్బుమిన్ మొదటిసారీ లేదు, రెండోసారీ లేదు. ఉద్దానం తరహా జబ్బులో మొదట్లో ఆల్బుమిన్ కనపడకపోవచ్చు కాబట్టి ఆ ఒక్కదాన్ని నమ్ముకోవద్దనీ, ఆరు నెలలకోసారి రక్తపరీక్ష మానొద్దనీ, ప్రోటీన్ కిలోకి 1.2 దాటనివ్వొద్దనీ డాక్టరు చెప్పాడు. అంటే 62 కిలోలకి 74 గ్రాములు. షీటులో 99 కొట్టేసి 74 వేశాను. ఇప్పుడు తక్కువ పడుతున్నది 14 గ్రాములే. ఒక గుడ్డు, పావు లీటరు లబన్, అయిపోయింది.

డబ్బా కొనలేదు. ఆ ఇరవై రెండు రియాళ్ళలో కొంత పెట్టి రెండు లీటర్ల నీళ్ళ థర్మాస్ కొన్నాడు, సైటుకి పట్టుకెళ్తున్నాడు. ఇంటికి ఫోన్ చేసి తమ్ముణ్ణి కూడా పలాస వెళ్ళి పరీక్ష చేయించుకోమన్నాడట. "ఆడు ఎల్డు అన్నియ్యా, బయ్యం" అన్నాడు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు తనే తీసుకెళ్తానన్నాడు.

మస్కట్ బ్యాంకు ఆయన మాత్రం ఐసొలేటే కొన్నాడు, చాక్లెట్ రుచిది. బావుందట.